ఎనుము తిన్న పాఠం

బుధవారం పొద్దుగూకేలోపల ఆరాధన చేయాల్సిన పనులు ఇవి. రికార్డులో మిగిలిన పాఠ్యప్రణాళికలకు మార్జిన్లు కొట్టాలి. వాటి మీద కాలేజీ లెక్చరరు సుచరిత మేడం సంతకం పెట్టించుకోవాలి. లేత నీలం నేత చీరకు గంజి పెట్టి ఆరేయాలి. చుట్టి చంకలో పెట్టుకుపోయే రోలప్ బోర్డుకు తెగిపోయిన దారం మార్చాలి. ఆరో తరగతికి రెండో పీరియడు తనదేనని హైస్కూలు హెడ్మాస్టరుతో ఇంకోసారి అనిపించుకోవాలి. కోడిగుడ్డు పెంకు నలగకుండా తెచ్చుకోవాలి. పుచ్చకాయ తొక్క కుళ్లకుండా ఎండలో పెట్టి, కోతులు ఎత్తుకుపోకుండా పక్కన కూర్చోవాలి. కమలాపండు తొక్క, అరటిపండు తొక్క, శెనక్కాయ పొట్టు, కొబ్బరి పీచు, మొక్కజొన్న పొత్తు మీది రేకులు, పచ్చి బఠాణీ కాయల తొడుగులు, వేపచెట్టు బెరడు, అన్నిటికీ ఇంగ్లీషు పేరు రాసిన చీటీ దారంతో కట్టి ఒకే సంచిలో వేయాలి. అమ్మకు ఫోన్ చేసి భయమేం లేదని చెప్పాలి. భయపడకుండా ఉండాలి.

ఆఖరుది తప్ప అన్నీ చేసింది.

ఆరాధనది రాజంపేట పక్కన ఒక పల్లె. నాయన లేవి, అమ్మ విశ్వాసమ్మ. తమ చేన్లో పని అయిపోయినాక వేరేవాళ్ల అరటితోటల్లో కూలికి పోతారు. ఆ ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మనిషి ఆమే మొదలు. ఆమె డిగ్రీ పాసైన వారం చర్చిలో పాస్టరుగారు పేరు పెట్టి ప్రార్థన చేసినారు. అప్పట్నుంచి ఊర్లో ఎవరు ఎదురుపడినా "టీచరమ్మా" అనే పిలుస్తారు. ఇంకా టీచరు కాలేదు అని చెప్పబోతే వాళ్లు వినరు. ఆ పిలుపు నిజం కావాలంటే కర్నూలులో బీఎడ్ పాస్ కావాలి, ఆ తర్వాత డీఎస్సీ రాయాలి. బీఎడ్ పాస్ కావాలంటే గురువారం ఫైనల్ లెసన్ గట్టెక్కాలి. అది తప్పితే ఇంకో ఏడాది ఆగాలి. అంతలో డీఎస్సీ వచ్చి వెళ్లిపోతుంది. ఇదీ సంగతి.

ఫైనల్ లెసన్ అంటే బయటి కాలేజీ నుంచి ఒక పరీక్షకుడు వచ్చి, వెనక బెంచీలో కూర్చుని, మనం పిల్లలకు పాఠం చెప్తుంటే మార్కులు వేయడం. ఈసారి కడప నుంచి నాగేశ్వరయ్య సారు వస్తున్నాడని తెలిసిన పొద్దే కాలేజీలో సగంమందికి అన్నం దిగలేదు. ఆయన పట్టుదల ఒకటే. పాఠ్యప్రణాళికలో ఏ బోధనోపకరణం రాసుకుంటే అది బల్ల మీద కంటికి కనపడాలి. కనపడనిది లేనట్టే లెక్క.

ఆరాధనకు వచ్చిన పాఠం పండ్లు, కాయలు, చెట్లు, జంతువులు, వీటి పైన ఉండే పొరల పేర్లు. పీల్, రైండ్, షెల్, హస్క్, పాడ్, బార్క్, స్కిన్, హైడ్. పుస్తకంలో వీటికి ఒక చిన్న పట్టిక మాత్రమే ఉంది. తోటివాళ్లంతా ఫ్యాన్సీ షాపుల చుట్టూ తిరిగి రంగు కాగితాలు, థర్మకోల్ కొంటుంటే ఈమె అసలు వస్తువులనే తేవాలనుకుంది. పిల్లలు ముట్టుకోవాలి, గోకాలి, వాసన చూడాలి. అప్పుడే మాట నోట్లో నిలుస్తుందని ఆమె నమ్మకం.

"ఏం ఆరాధనా, నేను థర్మకోలుతో చార్మినార్ కడతాండా. నువ్వేమో తొక్కలు ఏరుకుంటాండావు," అన్నాడు అజయ్, ఆమె బ్యాచే. "తొక్కలో పాఠం అని పేరు పెట్టు, బాగుంటాది."

"పెడతాలే. నీ చార్మినార్‌ను పిల్లోళ్లు వాసన చూస్తారేమో కనుక్కో."

"వాసనకు ఫెవికాల్ ఉండాదిలే."

ఆమె ఉండేది హంద్రి ఏటి పక్క వీధిలో, హంపమ్మ ఇంటి ముందరి గదిలో. హంపమ్మది ఆదోని పక్క పల్లె. పెండ్లయి కర్నూలు వచ్చింది, మొగుడు పోయినాక రెండు ఎనుములను, అంటే గేదెలను, పెట్టుకుని పాలమ్మి బతికింది. ఒకటి నల్లది, ఇంకొకటి నుదుట తెల్లమచ్చ ఉన్నది. ఆ మచ్చ ఉన్నదాన్ని బొల్లి అంటుంది. ఆ వీధిలో ఒక అలవాటు ఉంది. ఏ ఇంట్లో ఏ తొక్క తీసినా, బియ్యం కడిగినా, చెత్తకుండీ ముఖం చూపించరు. రాత్రి పడుకునే ముందు సంచిలోనో గిన్నెలోనో పోసి గడప పక్కన పెడతారు. చీకటితోనే హంపమ్మ వచ్చి అన్నీ ఎత్తుకుని తన ఇంటి ముందరి కుడితి తొట్టిలో పోస్తుంది. పండగలకు ప్రతి ఇంటికీ ఒక చెంబు మజ్జిగో, జున్నుపాలో పోతాయి. ఎవరూ ఎవర్నీ అడిగింది లేదు, చెప్పింది లేదు. గడప పక్కన పెడితే ఎనుముకు, అంతే.

అలాంటి హంపమ్మ దగ్గరికి ఆరాధన పోయి, వెనక్కి తొక్కలు అడిగింది.

"పెద్దమ్మా, ఈ వారం కొన్ని తొక్కలు నాకు తీసి పెట్టవా?"

బొల్లి పొదుగు కడుగుతున్న హంపమ్మ చేయి ఆగిపోయింది. "తినేకా?"

"కాదు పెద్దమ్మా! పాఠం చెప్పేకి."

"తొక్కతో ఏం పాటం? పండు పిల్లోల్లకిచ్చి తొక్క ఎనుముకేస్తే అది పాటం. పండు నువ్వు తిని తొక్క పిల్లోల్లకు సూపిస్తే ఏమంటారు నిన్ను?"

"ఇంగ్లీషులో ఒక్కోదానికి ఒక్కో పేరు ఉండాది పెద్దమ్మా. పిల్లోళ్లకు కష్టం. మనకు ఒక్క తొక్క అంటే సరిపోతాది కదా."

"యాడ సరిపోతాది? ఉల్లిగడ్డకు తొక్క అంటావా? పొట్టు. చెట్టుకు బెరడు. గుడ్డుకు పెంకు. టెంకాయకు పైన పీచు, లోపల చిప్ప. చేపకు పొలుసు, పాముకు కుబుసం, ఎనుముకు తోలు." చేతి నీళ్లు విదిలించి ఆరాధన వైపు చూసింది. "ఏమే, దీనికి గూడా పరీచ్చ పెడతారా? నాకు ముందే తెలిస్తే నేనూ సదువుకుందును."

ఆరాధన నవ్వింది. తన భాషలోనే ఇన్ని పేర్లున్నాయని ఆమెకు తెలియక కాదు. ఎప్పుడూ వరసగా వినలేదు. పిల్లలకు మొదట ఈ తెలుగు పేర్లే అడగాలని అప్పుడే అనుకుంది.

"సరే, తీసి పెడతా గానీ ఒకటే మాట," అంది హంపమ్మ. "పరీచ్చ అయినాక అవన్నీ నా బొల్లిదానికి తెచ్చియ్యాల. దాని నోటికాడ కూడు."

"ఇస్తాలే పెద్దమ్మా."

వారం రోజులు హంపమ్మ ఊరికే ఉండలేదు. ఏ గిన్నెలో మంచి తొక్క కనపడినా ఎత్తి చూసి, "ఇది పనికొస్తాదా పాపా? ఇది శానా అందంగా ఉండాది సూడు," అని కిటికీలోంచి లోపలికి అందించేది. తెగకుండా గుండ్రంగా ఒలిచిన కమలాపండు తొక్క ఒకటి దొరికితే వీధి చివరి నుంచే కేకేసుకుంటూ వచ్చింది.

బుధవారం సాయంత్రం సంచి తయారైంది. గదిలో కొక్కేనికి వేలాడదీసింది. పడుకోబోతుండగా ఆరాధనకు భయం పట్టుకుంది. పొద్దున నీళ్లు పట్టుకోవాలి, తల స్నానం చేయాలి, గంజి చీరకు కుచ్చిళ్లు కుదరాలి. ఈ హడావిడిలో సంచి మర్చిపోతే? లేచి సంచి తీసి, తలుపు తెరిచి, పోయేటప్పుడు కాలికి తగిలేటట్టుగా గడప పక్కన పెట్టింది. ప్రభువా నీదే భారం అనుకుని హాయిగా నిద్రపోయింది.

తెల్లవారుతూ నిద్రమత్తులో గడప చూసుకోకుండానే పోయి, కొళాయి దగ్గర రెండు బిందెలు పట్టుకుని, తల స్నానం చేసి, చీర కట్టుకుని, రోలప్ బోర్డు చంకలో పెట్టుకుని గడప దాటబోతే కాలికి ఏదీ తగల్లేదు.

"పెద్దమ్మా, ఈడ సంచి పెట్నా, చూసినావా?"

"పోసేసినా కదా."

"యాడ?"

"తొట్లో. ఇంగ యాడ పోస్తారు?"

ఆరాధన గబగబా తొట్టి వైపు పోయింది. తొట్టి దగ్గర బొల్లి కండ్లు అరమోడ్చి, నాలుకతో ముక్కు తుడుచుకుంటూ నిలబడి ఉంది. దాని ముఖంలో ఉన్నంత తృప్తి ఆ పొద్దు కర్నూలులో ఇంకెవరి ముఖంలోనూ ఉండి ఉండదు.

హంపమ్మ ఒకసారి ఆరాధన ముఖం చూసింది, ఒకసారి తొట్టి చూసింది. అప్పుడు అర్థమైంది. నెత్తి కొట్టుకుంది. "అయ్యో నా తల్లీ! అవా? చీకట్లో నాకేం తెలుసు? గడప కాడ యాల పెట్నావే!"

"మర్చిపోతానని పెట్నా పెద్దమ్మా."

"గడప కాడ పెడితే నేను మర్చిపోతానా!"

ఇద్దరికీ ఏడుపు రావాలి. ఆరాధనకు నవ్వు వచ్చింది, తర్వాత కండ్లలో నీళ్లు వచ్చాయి, ఈ రెండూ ఒకేసారి ఎలా వస్తాయో ఆమెకే తెలియలేదు. అంతలో వీధి వెనక హైస్కూలు మొదటి గంట కొట్టారు. నిలబడి బాధపడటానికి కూడా టైం లేదు. "నేను పోతా పెద్దమ్మా," అని కండ్లు తుడుచుకుని, ఒట్టి బోర్డుతో బయలుదేరింది. వెనక్కి తిరిగి చూస్తే హంపమ్మ చీర కొంగు నడుముకు దోపుకుని, మోచేతి దాకా తొట్టిలో చేయి పెట్టి దేవులాడుతూ ఉంది.

నాగేశ్వరయ్య సారు అప్పటికే ఆరో తరగతి వెనక బెంచీలో కూర్చుని ఉన్నాడు. సన్నగా, నిటారుగా, చొక్కా పై గుండీ కూడా పెట్టుకుని. పక్కన సుచరిత మేడం. పిల్లలు కొత్త మనిషిని చూసి కదలకుండా కూర్చున్నారు.

ఆయన ప్రణాళిక తిరగేసి, ఖాళీ బల్ల వైపు చూసినాడు. "ఉపకరణాలు?"

దారి పొడుగునా ఆరాధన చాలా సాకులు వెతికింది. ఆటోలో మర్చిపోయినా అందామా, ఎవరో ఎత్తుకుపోయినారు అందామా అని. తీరా నోరు తెరిస్తే నిజమే వచ్చింది.

"ఎనుము తినింది సార్."

క్లాసు ఒక్కసారిగా పగలబడి నవ్వింది. సుచరిత మేడం తల దించుకుంది.

"ఏం తినింది?"

"ఉపకరణాలు సార్."

"అన్నీనా?"

"చీటీలతో సహా సార్."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "చార్టు వానకు తడిసింది అన్నోళ్లను చూసినా. చెల్లెలు చించేసింది అన్నోళ్లను చూసినా. ఎనుము తినింది అని ఇంతవరకూ ఎవరూ అనలేదు. సరే, మొదలుపెట్టండి. పాఠం ఎట్లా చెప్పినా వింటా. అయితే ముందే చెప్తాండా, మీరు రాసిన ఉపకరణం ఒకటన్నా ఈ బల్ల మీద కనపడకపోతే ఆ గడిలో సున్నా పడతాది. ఆ గడిలో సున్నా పడితే పాస్ కారు. తర్వాత నన్ను అనుకునేది లేదు."

"అనుకోను సార్."

ఆరాధన పిల్లల ముందుకు వచ్చింది. చేతులు ఖాళీ. ఏం చేయాలో తెలియక, లేని కమలాపండును ఎడమచేతిలో పట్టుకున్నట్టు పట్టుకుంది. బొటనవేలి గోరు దిగేసి, ఒక పక్కన ఒలిచింది. ఒలిచిన తొక్కను మడిచి, ముందు బెంచీలో ఉన్న శ్రీవాణి కండ్ల దగ్గర పిండింది.

శ్రీవాణి గబుక్కున కండ్లు మూసుకుని, "మంట టీచర్!" అని అరిచింది.

క్లాసంతా గొల్లుమంది. శ్రీవాణి కండ్లు తెరిచి, అక్కడ ఏమీ లేదని గుర్తొచ్చి, సిగ్గుపడి తనూ నవ్వింది. ఆ నవ్వుతో ఆరాధన భయం సగం పోయింది.

"నేను పిండింది ఏంది?"

"తొక్క!"

"ఇంగ్లీషులో పీల్. చెప్పండి, పీల్. ఇప్పుడు ఇంకొకటి." ఈసారి రెండు చేతులా బరువెత్తి బల్ల మీద పెట్టి, కత్తితో నిలువునా కోసింది. ముక్క తీసుకుని, తెల్లది కనపడేదాకా కొరికి, మిగిలింది పక్కన పెట్టింది.

"పుచ్చకాయ!"

"పక్కన పెట్టింది?"

"తొక్కే కదా టీచర్?"

"దాన్ని గోరుతో ఒలిస్తే వస్తాదా?"

"రాదు! గట్టిగా ఉంటాది."

"అట్లా గట్టిగా, మందంగా, కత్తికి తప్ప లొంగనిది రైండ్."

గుడ్డును బల్ల అంచుకు కొట్టింది. షెల్. శెనక్కాయను రెండు వేళ్ల మధ్య నొక్కబోతే, కిటికీ పక్క పిల్లోడు, "అట్లా కాదు టీచర్, పంటికింద పెట్టి పటుక్కుమనిపించాల," అని లేచి చేసి చూపించినాడు. అది కూడా షెల్ అంటే వాళ్లకు నచ్చలేదు. గుడ్డుకూ శెనక్కాయకూ ఒకటే పేరు ఎట్లా అని పేచీ పెట్టినారు. ఆరాధన జవాబు వెతుక్కుంటుంటే శ్రీవాణే అంది. "రెండూ పగలాల కదా టీచర్. ఒలిస్తే రావు."

"అంతే! ఒలిచేది పీల్, కోసేది రైండ్, పగలగొట్టేది షెల్." ఈ మాట ప్రణాళికలో లేదు. బోర్డు మీద రాస్తుంటే ఆమెకే ముచ్చటేసింది.

హస్క్, పాడ్, బార్క్ కూడా అట్లాగే చేతులతోనే చూపించింది. స్కిన్ దగ్గరికి వచ్చేసరికి, థిక్ స్కిన్ అంటే ఎన్ని మాటలన్నా తగలనివాడు అని చెప్పింది. వెంటనే పంటికింద పెట్టమన్న పిల్లోడు చేయెత్తినాడు. "మా అమ్మ నన్ను రోజూ అంటాది టీచర్, తోలుమందం నాయాలా అని."

"అదే. నాయాలా మాత్రం వదిలేయ్."

వెనక బెంచీలో ఎవరో దగ్గినారు. ఆరాధన చూస్తే నాగేశ్వరయ్య సారు చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు. అయినా ఆయన ముందున్న కాగితం మీద ఒక గడి ఖాళీగానే ఉందని ఆమెకు తెలుసు. పాఠం ఎంత బాగా సాగితే అంత బాధగా ఉంది. బల్ల మాత్రం ఖాళీ.

అప్పుడు బయట ప్యూను కేకలు వినపడినాయి. "ఏమ్మా! ఏమ్మో! యాడికి తోలుకోని పోతాండావు దాన్ని? ఇది బడి!"

"నేను తోలుకోని రాలేదప్పా, అదే ఎంటబడి వస్తాండాది!" అన్న గొంతు హంపమ్మది.

వాకిట్లో హంపమ్మ కనపడింది. నెత్తిన ఇత్తడి గంగాళం. చెమటతో ముఖమంతా తడిసిపోయింది. ఆమె వెనక, తెగిన పలుపుతాడు నేలమీద ఈడ్చుకుంటూ, గంగాళం వైపే ముక్కు చాపి, బొల్లి. పిల్లలు బెంచీలెక్కినారు.

హంపమ్మ ఎవర్నీ అడగకుండా లోపలికి వచ్చి గంగాళాన్ని బల్ల మీద ధబ్బున దించింది. "ఇదో తల్లీ. అది తిననివి తొట్లో అడుగున ఉన్నాయి, కడిగి తెచ్చినా. తినినేవి మల్లా గడప గడపకూ పోయి అడుక్కోనొచ్చినా. రామేశ్వరమ్మ ఇంట్లో అరటితొక్క లేదంటే, ఆమెను నిలబెట్టి పండు తినిపిచ్చి తొక్క తెచ్చినా. జొరం మనిషి, తినను తినను అంటాండె. పిల్ల బతుకు తినమ్మా అన్నా."

సుచరిత మేడం లేచి నిలబడింది. నాగేశ్వరయ్య సారు కూడా లేచినాడు. "ఎవరమ్మా మీరు?"

హంపమ్మ అప్పుడే ఆయన్ను చూసింది. చేతులు జోడించింది. "సామీ, తప్పు ఈ పిల్లది కాదు. నాది. ఎనుముది గూడా కాదు. నోరు లేనిది, పెట్టింది తినింది. మార్కులు తీసేది ఉంటే నాకు తీసేయండి."

"మీకు మార్కులు యాడుండాయమ్మా తీసేకి?" అంటూ ఆయన వాకిలి దాకా పోయి బొల్లిని చూసినాడు. దాని దవడ కింద ఎంగిలికి అతుక్కుని దారం, దారానికి తడిసిన చీటీ. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, కొంచెం దూరం నుంచే వంగి చదివినాడు. "రైండ్." తర్వాత నిటారుగా లేచి, "స్పెల్లింగు సరిగ్గానే ఉండాది," అన్నాడు.

గది ఒక్కటే గోల. ఈ పిల్లల్ని మళ్లీ బెంచీల్లో కూర్చోబెట్టడం ఇప్పుడు ఎవరి తరమూ కాదు. ఆరాధన రోలప్ బోర్డు చేతికి తీసుకుంది. "అందరూ వరండాలోకి రండి," అంది. దాన్ని స్తంభానికి తగిలించి, నడుమ గీత గీసి, ఒక పక్కన ఈట్స్ అని, ఇంకో పక్కన డజ్ నాట్ ఈట్ అని రాసింది. "ఒక్కొక్కరు గంగాళంలోంచి ఒకటి తీయండి. పేరు ఇంగ్లీషులో చెప్పండి. ఎనుము తింటాదో తినదో చెప్పండి. తర్వాత దానికే పెట్టి చూద్దాం."

ఇంగ్లీషంటే నోరు విప్పని పిల్లలు ఆ పూట గొంతులు చించుకున్నారు.

"పీల్! ఈట్స్!" బొల్లి అరటితొక్కను ఒక్క నాలుకతో లాక్కుంది.

"రైండ్! ఈట్స్!" అది కరకరమని నమిలింది.

"బార్క్! ఈట్స్!" వేప బెరడును వాసన చూసి బుస్సుమని చీదింది. ఆ తుంపరలు నాగేశ్వరయ్య సారు చొక్కా మీద పడినాయి. "డజ్ నాట్!" అని పిల్లలంతా ఆయన ముఖం మీదే అరిచినారు.

గుడ్డు పెంకును చూసి బొల్లి ముఖం తిప్పుకుంది. బఠాణీ తొడుగులు, పాడ్ అని పేరు చెప్పకముందే మాయమైనాయి. మొక్కజొన్న రేకులు తీసిన పిల్ల, "హస్క్! ఈట్స్!" అంది, బొల్లి తినింది. తర్వాత కొబ్బరి పీచు తీసిన పిల్లోడు, "ఇది గూడా హస్క్! ఈట్స్!" అన్నాడు. బొల్లి పీచును ఒకసారి నోట్లో పెట్టుకుని వదిలేసింది.

పేచీ మొదలైంది. హస్క్ ఎడమపక్క రాయాలని కొందరు, కుడిపక్క అని కొందరు. ఇద్దరు పిల్లలు చొక్కాలు పట్టుకునేదాకా పోయింది.

"టీచర్," అని వెనక నుంచి నాగేశ్వరయ్య సారు గొంతు. "హస్క్ ఏ పక్క రాస్తారు?"

అది పరీక్ష ప్రశ్నో, ఆయన కుతూహలమో ఆరాధనకు తెలియలేదు. "ఇట్లా వస్తాదని నేను అనుకోలేదు సార్."

"నేనూ అనుకోలేదు. వాళ్లనే అడగండి."

 చివరికి శ్రీవాణి, "రెండు పక్కలా రాయండి టీచర్. పేరు ఒకటైతే రుచి ఒకటి కావాలనా?" అంది. ఆరాధన రెండు పక్కలా రాసింది. అందరూ ఒప్పుకున్నారు, చొక్కాలు పట్టుకున్న ఇద్దరు కూడా.

"ఇంకొకటి మిగిలింది," అని ఆరాధన బొల్లి వీపు మీద చేయి పెట్టింది. "ఎనుముకు, ఎద్దుకు ఉండే ఈ మందం తోలును హైడ్ అంటారు. చెప్పులు, బెల్టులు చేసేది దీనితోనే."

హంపమ్మ గబుక్కున పలుపుతాడు అందుకుంది. "ఏం మాటలు తల్లీ అవి దాని ముందర! పదవే, ఈ బడిలో ఉంటే నిన్ను చెప్పులు కుడతారు."

పిల్లలు నవ్వుతుండగానే గంట కొట్టారు.

నాగేశ్వరయ్య సారు చొక్కా తుడుచుకుని, కాగితం బల్ల మీద పెట్టుకుని, ప్రణాళికను ఇంకోసారి తిరగేసినాడు. ఆరాధన ఎదురుగా నిలబడింది. 

"మీ ప్రణాళికలో ఎనుము లేదు," అన్నాడు ఆయన.

"లేదు సార్."

"రాసిందంతా బల్ల మీద కనపడాలన్నా. కనపడింది. రాయనిది గూడా కనపడింది. రాయని దానికి గడి లేదు ఇందులో." పెన్ను మూత తీసి, వాకిట్లో నిలబడిన హంపమ్మ వైపు తిరిగినాడు. "అమ్మా, ఎనుము పేరేంది?"

"బొల్లి, సామీ."

ఆయన ఏదో రాసుకున్నాడు. కాగితం మడిచి, సుచరిత మేడంతో తర్వాతి పాఠానికి వెళ్లిపోయినాడు. అక్కడ చార్మినార్ ఎదురుచూస్తోంది.

ఇంటికి పోతూ దారిలో హంపమ్మ, "పాసైతావా?" అని అడిగింది.

"తెలీదు పెద్దమ్మా. ఏం చెప్పలేదు."

"అయితావులే. ఎనుము పేరు అడిగి రాసుకునేటోడు పిల్ల పేరు కొట్టేస్తాడా?"

ఆమె మాటే నిజమైంది. మార్కులు వచ్చిన పొద్దు సుచరిత మేడం ఆరాధనను పక్కకు పిలిచి, ఉపకరణాల గడిలో సారు ఏం రాసినారో చెప్పింది. "తొక్కలు, పెంకులు వగైరా. జీవమున్నది ఒకటి, బొల్లి. బాగుంది." ఆ గడిలో అంత మంచి మార్కు ఆ ఏడు ఇంకెవరికీ రాలేదు. అజయ్ కూడా పాసైనాడు. చార్మినార్‌లో ఒక మినార్ ఊడినా.

రెండేండ్లకు డీఎస్సీలో ఆరాధనకు ఉద్యోగం వచ్చింది. రాయచోటి అవతల ఒక పల్లెలో. ఊర్లో వాళ్లు పిలిచే పిలుపు అబద్ధం కాకుండా పోయింది. విశ్వాసమ్మ ఆ వారం చర్చికి కొత్త చీర కట్టుకుని పోయింది. ప్రతి ఏడూ ఆరాధన ఆరో తరగతికి ఈ పాఠాన్ని వరండాలోనే చెప్తుంది. ఆ పల్లెలో ఎనుములు తక్కువ, మేకలే ఎక్కువ. మేకతో ఒక చిక్కు ఉంది. అది బెరడు, పీచు, బోర్డు తుడిచే గుడ్డ, ఏదీ వదలదు. తిననివి అనే పక్క ఖాళీగా మిగిలిపోతుంది. పిల్లలకు అది ఇంకా సంతోషం.

హంపమ్మ కాళ్ల నొప్పులు ఎక్కువై ఎనుములను తెలిసినవాళ్లకు అప్పజెప్పి, ఆదోని పక్కన చెల్లెలు ఈరక్క దగ్గరికి వెళ్లిపోయింది. ఇప్పుడు ఆ వీధిలో ఆమె ఇల్లు ఏదని అడిగినా చెప్పేవాళ్లు తక్కువ. చదివినవాళ్లు ఒక్క పని చేయండి. తనకు ఒక్క అక్షరం రాకపోయినా, ఎవరో పల్లె పిల్ల టీచరు కావాలని, ఎండలో నెత్తిన గంగాళం పెట్టుకుని ప్రతి గడప ముందరా నిలబడి అడిగిన హంపమ్మ అనే మనిషి కర్నూలులో ఒకామె ఉండేదని గుర్తుపెట్టుకోండి.